మూడున్నర నుంచి ఏడు దాకా పిల్లలు ఎక్కడుంటారు? అది తేలాకే జీతం మాట్లాడండి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. గుంటూరులో అమ్మగారింట్లో ఉంటున్న ఒక చెల్లెలు అడిగారు. వయసు 31. బీకాం చదివి, మూడేళ్లు అకౌంట్స్‌లో పనిచేసి, 2019లో మానేశారు. భర్త ఏడాదిన్నరగా ఇంటికి రావట్లేదు, డబ్బు పంపట్లేదు, విడాకులూ కాలేదు. బాబుకి ఎనిమిదేళ్లు, పాపకి మూడు. ఇప్పుడు విజయవాడ గవర్నరుపేటలో ఒక హోల్‌సేల్ సంస్థ నెలకి ₹16,000 ఇస్తామంది. పని ఉదయం తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఏడున్నర దాకా. చేరాలా? ప్రభుత్వం నుంచి ఏదైనా సాయం ఉందా? ఉద్యోగంలో చేరితే ఆ సాయం పోతుందా?

ముందు జవాబు చెప్పేస్తాను. ఉద్యోగంలో చేరండి, కానీ ఈ ఉద్యోగంలో వద్దు. గుంటూరులోనే, ఆరింటికి వదిలేసే చోట ₹13,000 వచ్చినా మీకు అదే మేలు. భరణం దరఖాస్తు ఈ నెలలోనే వేయండి, ఆలస్యమైన ప్రతి నెలా మీ పిల్లల డబ్బే పోతుంది. ప్రభుత్వ పథకాలకి తప్పకుండా అప్లై చేయండి, అయితే ఇంటి ఖర్చుల లెక్కలో మాత్రం వాటిని వేసుకోకండి.

నేను విజయవాడలో ఒక ఆడిట్ ఆఫీసులో పనిచేస్తాను. 2013లో మావారు పోయేనాటికి మా అబ్బాయికి ఐదేళ్లు. మరుసటి ఏడాది మళ్లీ పనిలోకి వెళ్లాను. ఇప్పుడు మా ఆఫీసులో కొత్తవాళ్లని తీసుకునేటప్పుడు ఎదురుగా కూర్చుని మాట్లాడేది నేనే. గ్యాప్ తర్వాత వచ్చిన ఆడవాళ్లు, అందులో పిల్లల్ని ఒక్కచేత్తో పెంచుతున్నవాళ్లు, ఇరవై మందికి పైగా మా ఆఫీసులోనో తెలిసిన ఆఫీసుల్లోనో చేరడం దగ్గరుండి చూశాను. వాళ్లలో నిలదొక్కుకున్నవాళ్లెవరో, మూడు నెలలకే మానేసినవాళ్లెవరో తలుచుకుంటే నాకు ఒకటే కనిపిస్తుంది. చదువు వల్ల, తెలివి వల్ల ఎవరూ ఆగిపోలేదు. స్కూలు వదిలిన దగ్గర్నుంచి తల్లి ఇంటికొచ్చేదాకా పిల్లల్ని ఎవరు చూస్తారన్నది ఖాయం చేసుకోకుండా చేరినవాళ్లే ఆగిపోయారు.

ముందు జీతం లెక్క

పదహారు వేలు అనగానే పదమూడు కంటే మూడు వేలు ఎక్కువ కదా అనిపిస్తుంది. కాగితం మీద పెట్టి చూద్దాం. ఖర్చులు నేను రోజూ చూసే లెక్క ప్రకారం వేస్తున్నాను, మీవి వేసుకుని మార్చుకోండి.

విజయవాడ ఉద్యోగానికి ఇంట్లోంచి ఎనిమిదింటికి ముందే బయల్దేరాలి, తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది. బస్సు వరకూ ఇబ్బంది లేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్టు లేదు, ఆధార్ చూపిస్తే చాలు. నాన్‌స్టాప్ బస్సులకి మాత్రం అది వర్తించదు. గుంటూరు, విజయవాడ మధ్య తొందరగా చేర్చేవి ఆ నాన్‌స్టాప్‌లే కాబట్టి, ఉచితం కావాలంటే సమయం పెట్టాలి. రెండు వైపులా ఆటోలకి రోజుకి ₹80 అనుకుంటే 26 రోజులకి ₹2,080. రాత్రి దాకా ఇద్దరు పిల్లల్ని చూసే మనిషికి ₹3,000. పిల్లలకి జ్వరమొచ్చి నెలకి రెండు రోజులు సెలవు పెడితే జీతంలో కోత ₹1,230 దాకా. మొత్తం ₹6,310. చేతికి మిగిలేది ₹9,690.

గుంటూరులో ₹13,000 ఉద్యోగం. షేర్ ఆటోకి రోజుకి ₹40 చొప్పున ₹1,040. సాయంత్రం ఆరున్నర దాకా చూసే మనిషికి ₹1,500. ఇంటి దగ్గరే కాబట్టి పిల్లలకి బాగోలేనప్పుడు ఒక పూట వెళ్లి రావచ్చు, సెలవు ఒక రోజే అనుకుంటే ₹500. మొత్తం ₹3,040. మిగిలేది ₹9,960.

తక్కువ జీతమిచ్చే ఉద్యోగంలోనే ₹270 ఎక్కువ మిగిలింది. దాంతోపాటు రోజుకి దాదాపు మూడు గంటలు మీ చేతికొస్తాయి. మూడేళ్ల పాప రాత్రి తొమ్మిదికి మేలుకుని ఉంటుందా చెప్పండి. మా వాడు నిద్రలోనే నన్ను చూసిన నెలలు నాకున్నాయి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మూడున్నర సమస్య

2014లో నేను మొదట చేరింది వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్టు. మా అమ్మ బాబుని స్కూలు నుంచి తెచ్చేది. అంతా బాగానే ఉందనుకున్నాను. రెండో నెలలో అమ్మ బాత్రూంలో జారిపడింది. పదకొండు రోజులు నేను పనికి వెళ్లలేకపోయాను. పన్నెండో రోజు వెళ్తే నా కుర్చీలో ఇంకో అబ్బాయి కూర్చుని ఉన్నాడు. ఆ నెల జీతం కూడా సగమే ఇచ్చారు.

ఆ దెబ్బతో నేర్చుకున్నది ఒకటే. అమ్మ ఉంది కదా అనుకుంటే సరిపోదు, అమ్మకి తోడు రెండో మనిషి ఉండాలి. సత్యనారాయణపురంలో మా వీధిలో ఒక టీచరుగారు మేడమీద ట్యూషన్ చెప్పేవారు. ఆవిడ దగ్గరికెళ్లి, చదువు చెప్పినా చెప్పకపోయినా సరే, మూడున్నర నుంచి ఏడింటిదాకా బాబు మీ దగ్గర ఉండాలి, మధ్యలో ఏదైనా తినడానికి నేనే పెట్టి పంపుతాను అని అడిగాను. నెలకి ₹1,200 ఇచ్చేదాన్ని. అమ్మకి బాగున్న రోజుల్లో కూడా వారానికి రెండు రోజులు అక్కడే ఉంచేదాన్ని. అలవాటు ఉంటేనే కదా, అవసరం పడ్డనాడు పిల్లాడు ఏడవకుండా కూర్చునేది.

మీ అమ్మగారి వయసు రాయలేదు. అరవై దాటి ఉంటే, మూడేళ్ల పాప వెంట రోజంతా పరుగెత్తడం ఆవిడకి భారం. పాపని దగ్గర్లోని అంగన్‌వాడీలో చేర్చండి. ప్రీస్కూలు ఉచితం, మధ్యాహ్నం భోజనం అక్కడే. అది మీ ఆఫీసు వేళలంతా కవర్ చేయదు, కానీ అమ్మగారికి సగం పూట ఊపిరి పీల్చుకునే సమయం దొరుకుతుంది. ప్రైవేటు ప్లేస్కూలు కట్టాల్సిన పని ఈ ఏడాది లేదు.

ఉద్యోగం పెద్ద సంస్థలో వస్తే ఒకటి గుర్తుంచుకోండి. మెటర్నిటీ బెనిఫిట్ చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చిన నిబంధన ప్రకారం 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న చోట క్రష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) సౌకర్యం ఉండాలి. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చు. ఆసుపత్రులు, పెద్ద షోరూములు, కాలేజీలు దీని కిందికొస్తాయి. అడగనిదే ఎవరూ చెప్పరు, కాబట్టి అడగండి.

ప్రభుత్వ సాయం: ఏది వస్తుంది, ఏది రాదు

ఎన్టీఆర్ భరోసా కింద వితంతువులకి, ఒంటరి మహిళలకి 2024 జులై నుంచి నెలకి ₹4,000 పెన్షన్ ఇస్తున్నారు. వితంతువైతే 18 ఏళ్లు నిండితే చాలు. భర్త వదిలేసిన వాళ్లకి వేరే వయసు నిబంధన ఉంది, 31 ఏళ్లకి మీకు అది రాదు. దీనికోసం వార్డు సచివాలయం చుట్టూ తిరిగి రోజులు పోగొట్టుకోవద్దు. ఎవరైనా డబ్బు తీసుకుని ఇప్పిస్తామంటే అసలే నమ్మొద్దు.

తల్లికి వందనం మీకు రావాలి. 2025 జూన్‌లో మొదలైంది. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే ప్రతి బిడ్డకీ ఏడాదికి ₹15,000, అందులో ₹2,000 స్కూలు నిర్వహణకి పోగా ₹13,000 తల్లి ఖాతాలో పడుతుంది. మీ బాబుకి వర్తిస్తుంది, పాప ఒకటో తరగతికి వచ్చాక తనకీ వర్తిస్తుంది. మీలాంటి వాళ్లకి ఇందులో ఎక్కడ ఆగిపోతుందో చెబుతాను. సచివాలయం రికార్డుల్లో మీ పేరు ఇంకా భర్త కుటుంబంలోనే ఉండి ఉంటుంది. ఆయన పేరు మీద కారు ఉన్నా, ఆయన ఇన్‌కంటాక్స్ కడుతున్నా, ఆ ఇంటి కరెంటు 300 యూనిట్లు దాటినా, మీరు కూడా అనర్హుల జాబితాలో పడతారు. ఇది నేను కనీసం నలుగురి విషయంలో చూశాను. కాబట్టి ముందుగా మీ పేరు, పిల్లల పేర్లు అమ్మగారింటి సచివాలయానికి మార్పించి, మీది వేరే కుటుంబంగా నమోదు చేయించండి. రైస్ కార్డు విభజన కూడా అడగండి. అక్కడ కుదరదంటే, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీని ఇచ్చినట్టు లెక్కలోకి తీసుకోకండి. ఖాతాకి ఆధార్ లింకు ఉందా, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఆధార్ మీద వచ్చే పథకాల డబ్బు ఏ ఖాతాలో పడాలో చెప్పే నమోదు) ఆ ఖాతాకే ఉందా అని బ్యాంకులో అడిగి చూసుకోండి. పాత జాయింటు ఖాతాకి లింకై ఉంటే డబ్బు అందులో పడి, మీకు తెలియకముందే ఇంకొకరు తీసేసుకోవచ్చు.

చాలామందికి తెలియనిది మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్. తల్లి వితంతువైనా, విడాకులు తీసుకున్నా, కుటుంబం ఆమెని వదిలేసినా, ఆ పిల్లలకి నెలకి ₹4,000 ఇచ్చే పథకం ఇది. కుటుంబ ఆదాయం గ్రామాల్లో ఏడాదికి ₹72,000, మిగతాచోట్ల ₹96,000 మించకూడదు. అంగన్‌వాడీ టీచరుని అడిగితే ఐసీడీఎస్ (అంగన్‌వాడీలని చూసే) ఆఫీసుకి, అక్కణ్ణుంచి జిల్లా బాలల సంరక్షణ విభాగానికి దారి చెబుతారు. మీకు ఇప్పుడు ఆదాయం లేదు కాబట్టి ఇప్పుడే అర్హత ఉంది. అప్లై చేయండి. అందరికీ రాదు, జిల్లాకి ఇన్ని అని పరిమితి ఉంటుంది, మంజూరుకి నెలలు పడుతుంది. ఉద్యోగంలో చేరి ఆదాయం పెరిగాక అడిగితే నిజమే చెప్పండి. దాచిపెట్టి తీసుకున్న డబ్బు తిరిగి కట్టాల్సి వచ్చిన ఒకావిడ అవస్థ చూశాను.

ఉద్యోగం వస్తే సాయం పోతుందా అన్నారు. చాలా పథకాలకి పట్టణాల్లో నెల ఆదాయం ₹12,000, పల్లెల్లో ₹10,000 మించకూడదన్న నిబంధన ఉంది. కాబట్టి కొన్ని పోవచ్చు. పోనివ్వండి. తల్లికి వందనం ₹13,000 అంటే నెలకి ₹1,083 పడుతుంది. దానికోసం పదమూడు వేల జీతం, ఏటా పెరిగే అనుభవం, మీ పేరు మీద పీఎఫ్ వదులుకోవడం ఏ లెక్కలోనూ సరికాదు. పథకం రూలు వచ్చే ఏడాది మారవచ్చు. మీరు నేర్చుకున్న పని మీ దగ్గరే ఉంటుంది.

చిన్నవి రెండు. దీపం పథకంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, కనెక్షన్ ఎవరి పేరున ఉందో చూసుకోండి. పాప ఒకటో తరగతికి వచ్చే ఏడాది, విద్యాహక్కు చట్టం సెక్షన్ 12(1)(సి) కింద ప్రైవేటు స్కూళ్లలో 25 శాతం ఉచిత సీట్లకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టండి.

భరణం

మీ ప్రశ్నలో దీని ఊసే లేదు. చాలామంది ఎత్తరు. మళ్లీ కలుస్తాడేమో, కోర్టుకెళ్తే ఆ దారి మూసుకుపోతుందేమో అన్న భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ భరణం అడగడం విడాకులు అడగడం కాదు. విడాకుల ఊసు లేకుండానే, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ కింద (పాత సీఆర్‌పీసీలో 125, 2024 జులై 1 నుంచి ఇది) మీకూ పిల్లలకీ భరణం అడగవచ్చు. ఆయన ఎక్కడున్నా, మీరు ఉంటున్న గుంటూరులోనే కేసు వేయవచ్చు. మధ్యంతర భరణం దరఖాస్తుని, నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకూ తేల్చాలని చట్టంలోనే ఉంది. వాస్తవంలో ఇంకా ఆలస్యమవుతుంది, కానీ ఆ మాట మీ వకీలు చేత కోర్టులో అనిపించండి.

అన్నిటికంటే ముఖ్యమైనది: 2020 నవంబరులో రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచే ఇవ్వాలని చెప్పింది. అంటే తీర్పు రెండేళ్లకి వచ్చినా లెక్క మీరు వేసిన రోజు నుంచి మొదలవుతుంది. మీరు వేయని ఏడాదిన్నర మాత్రం తిరిగి రాదు. ఇద్దరూ ఆస్తులు, ఆదాయం అఫిడవిట్ ఇవ్వాలని కూడా అదే తీర్పులో ఉంది. ఆయన జీతం స్లిప్పు, పాత బ్యాంకు స్టేట్‌మెంటు, కంపెనీ ఐడీ ఫోటో, ఏదున్నా జాగ్రత్త చేయండి.

నేను ఉద్యోగం చేస్తే భరణం రాదేమో అని ఒకావిడ రెండేళ్లు పనిలో చేరకుండా కూర్చుంది. అది పొరపాటు. భార్యకి సంపాదన ఉందన్న ఒక్క కారణంతో భరణం కొట్టేయరు, మొత్తం తగ్గించవచ్చు. పిల్లల పోషణ తండ్రి బాధ్యత, అది మీ జీతంతో తీరిపోదు.

వకీలు ఫీజుకి భయపడకండి. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. గుంటూరు కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవల సంస్థ ఆఫీసుకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఇంట్లో కొట్టడం, బెదిరించడం లాంటివి ఉంటే 181.

ఆరేళ్ల గ్యాప్

దీనికి మీరు అనవసరంగా ఎక్కువ భయపడుతున్నారు. 2019లో మానేసినవాళ్లకి అకౌంట్స్‌లో నిజంగా మారినవి లెక్కపెట్టగలిగినన్నే. మీరు చేసింది లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ ఈఆర్‌పీ 9 మీద, 2020 చివర్లో ట్యాలీ ప్రైమ్ వచ్చింది, చూడ్డానికి వేరుగా ఉంటుంది కానీ వారంలో చెయ్యి కుదురుతుంది. కొనుగోళ్ల మీద క్రెడిట్ తీసుకోవాలంటే ఇప్పుడు జీఎస్టీఆర్ 2బీతో (అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల నెలవారీ జాబితా) సరిచూడాలి, అది కూడా 2020లో వచ్చిందే. ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్లో నమోదు చేసే బిల్లు) 2023 ఆగస్టు నుంచి ₹5 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లందరికీ వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు ఎక్కువగా 5, 18 శాతాల్లోకి కుదించారు. ఈ నాలుగూ నేర్చుకుంటే ఇవాళ మీరు పనికొచ్చే మనిషే. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు, ఇరవై ఏళ్ల అనుభవమున్నవాళ్లూ నేనూ ఒకే బల్ల ముందు కూర్చుని కొత్తగా నేర్చుకున్నాం. గ్యాప్ ఉన్నదాన్నని నాలో ఉన్న బెరుకు పోయింది ఆ రోజుల్లోనే.

₹20,000 పెట్టి కోర్సుల్లో చేరమని ఎవరైనా అంటే ఆగండి. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో ఆడిట్ ఆఫీసులకి కొదవ లేదు. నెల రోజులు తక్కువ డబ్బుకైనా సరే, నిజమైన ఫైళ్ల మీద కూర్చోనిస్తారా అని అడగండి. నేను మనిషిని తీసుకునేటప్పుడు సర్టిఫికెట్ చూడను, ఒక నెల బ్యాంకు స్టేట్‌మెంటు, లెక్కల పుస్తకం ఇచ్చి రీకన్సిలియేషన్ (రెండూ సరిపోల్చడం) చేయమంటాను. గంటలో తేలిపోతుంది.

మిర్చి యార్డు కమీషన్ కొట్లలో సీజన్లో మంచి డబ్బిస్తారు కానీ, ఆ నెలల్లో పనికి వేళాపాళా ఉండదు. ఇద్దరు చిన్నపిల్లలతో మీరు అటు వెళ్లొద్దనే చెబుతాను.

పనివేళలు మాట్లాడేటప్పుడు మన పనిలో ఉన్న ఒక సంగతి వాడుకోండి. ఈ పనికి నెలంతా ఒకే వేగం ఉండదు. 7న టీడీఎస్ కట్టాలి, 11న జీఎస్టీఆర్ 1, 20న జీఎస్టీఆర్ 3బీ రిటర్నులు వేయాలి. అందుకని "10, 11, 18, 19, 20 తేదీల్లో ఎంత రాత్రయినా ఉంటాను, మిగతా రోజుల్లో ఆరింటికి వదలండి" అని అడగండి. ఊరికే తొందరగా వెళ్తానంటే ఒప్పుకోని ఓనర్లు, తేదీలు చెప్పి అడిగితే ఒప్పుకున్నారు. మనిషికి పని తెలుసని వాళ్లకి ఆ మాటతోనే తెలుస్తుంది. ఆ ఐదు రోజులకే రెండో మనిషిని సిద్ధం చేసుకోండి.

మీ ఆయన ఏం చేస్తారు? ఇంటర్వ్యూలో ఇది అడుగుతారు, అడగకుండా ఉండరు. ఏడుపు వస్తుందని తెలుసు. ముందే ఒక వాక్యం అద్దం ముందు పలికి పెట్టుకోండి: "నేను, పిల్లలు అమ్మ దగ్గర ఉంటున్నాం. పిల్లల్ని చూడ్డానికి ఇద్దరు మనుషులున్నారు. పనికి ఇబ్బంది రాదు." అక్కడితో ఆపేయండి. అంతకుమించి తవ్వే చోట చేరకపోవడమే మంచిది. పదిమంది, అంతకుమించి పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకి అంతర్గత కమిటీ ఉండాలి. ఒంటరి ఆడది కదా అని చనువు తీసుకునేవాళ్లు ఉంటారు, మొదటి రోజే గట్టిగా చెప్పండి.

చేరే ముందు పీఎఫ్, ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉన్నాయా అని అడగండి. జీతం ₹21,000 లోపు ఉండి, సంస్థకి ఈఎస్‌ఐ వర్తిస్తే మీ వాటా 0.75 శాతమే, పిల్లలకీ వైద్యం వస్తుంది. ₹13,000 మీద అది వంద రూపాయల లోపే. పాత ఉద్యోగంలో పీఎఫ్ ఉండి ఉంటే ఆ డబ్బు తీసేయొద్దు. పాత యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు) కొత్త ఓనరుకి ఇస్తే సర్వీసు కలుస్తుంది, మొత్తం పదేళ్లయితే పెన్షన్‌కి అర్హత.

పూర్తి రోజు కుదరకపోతే ఇంకో దారి. పటమటలో నాకు తెలిసిన ఒకావిడ 14 చిన్న కొట్ల బిల్లులు ఇంటి దగ్గరే ఎక్కించి రిటర్నులు సిద్ధం చేస్తుంది. కొట్టుకి ₹700 చొప్పున నెలకి ₹9,800. కానీ మొదటి ఏడాది ఆమెకి నాలుగు కొట్లే ఉండేవి, డబ్బు ఆలస్యంగా వచ్చేది. ఇది ఉద్యోగం పక్కన మెల్లగా పెంచుకునే పని, దీన్నే నమ్ముకుని మొదలుపెట్టొద్దు.

భర్త పోయినవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. ఉద్యోగం వెతకడానికి ముందు ఆయన బ్యాంకు పాస్‌బుక్కు ముందేసుకుని కూర్చోండి. ఏడాదికోసారి ₹436 కట్ అయి ఉంటే అది జీవన్ జ్యోతి బీమా, ₹2 లక్షలు వస్తుంది. ₹20 కట్ అయి ఉంటే అది ప్రమాద బీమా. ఉద్యోగంలో ఉండగా పోతే, పీఎఫ్ డబ్బుతోపాటు ఈడీఎల్‌ఐ బీమా ₹7 లక్షల దాకా ఉంటుంది. భార్యకి నెల పెన్షన్, ఇద్దరు పిల్లలకి 25 ఏళ్లు వచ్చేదాకా విడిగా పెన్షన్ ఉంటాయి. ఫారాలు మూడు: 20, 5ఐఎఫ్, 10డీ. చాలామంది పీఎఫ్ ఒక్కటే తీసుకుని వచ్చేస్తారు. నేను కూడా అలాగే వచ్చేశాను. పెన్షన్ ఫారం వేరే ఉందని ఏడాది తర్వాత ఆడిట్ ఆఫీసులో చేరాకే తెలిసింది.

అప్పు సంగతి. మొదటి జీతం వచ్చేదాకా రెండు నెలలు గడవడం కష్టమే. బంగారం ఉంటే బ్యాంకులో పెట్టండి. గుంటూరులో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద ఉన్న మహిళా పొదుపు సంఘంలో చేరితే పొదుపు మీద అప్పు దొరుకుతుంది, కానీ చేరగానే రాదు. రోజువారీ ఫైనాన్సు, ఖాళీ చెక్కులు, సంతకం చేసిన ప్రామిసరీ నోట్ల జోలికి అసలు వెళ్లకండి. 2015లో బెజవాడలో కాల్‌మనీ పేరుతో ఆడవాళ్లని ఎంత హింస పెట్టారో ఈ రెండు జిల్లాల వాళ్లెవరూ మరిచిపోలేదు.

కాగితాలన్నీ డిజీలాకర్‌లో పెట్టుకోండి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో అజిత్‌సింగ్‌నగర్‌లో మా దగ్గర చేరబోయే ఒకమ్మాయి డిగ్రీ సర్టిఫికెట్లు, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు అన్నీ నీళ్లలో నానిపోయాయి. డూప్లికేట్లకి తిరగడంతో ఆమెకి నాలుగు నెలలు పోయాయి.

ఇప్పుడు మీరు నాకు రెండు సంగతులు రాయండి. మీ బాబు స్కూలు ఎన్నింటికి వదులుతారు, అక్కణ్ణుంచి ఇంటికి ఎంత దూరం? గుంటూరులో ఏ పేటలో ఉంటారు? ఇంటి నంబరు, ఫోన్ నంబరు ఇక్కడ పెట్టకండి, పేట పేరు చాలు. మీ అమ్మగారు కాకుండా రెండో మనిషి ఎవరవుతారో అప్పుడు ఆలోచిద్దాం. ఆ పదహారు వేల వాళ్లకి కుదరదని వెంటనే చెప్పకండి, వారం గడువు అడగండి. ఈలోపు బ్రాడీపేటలో రెండు మూడు ఆఫీసులు తిరిగి రండి.